తాడట్టుకున్న గుంట

బడి తెరిచిన వారానికే రంగులు పంచేశారు.
ఎర్ర హౌసు, నీలం హౌసు, పచ్చ హౌసు.
నాకే రంగూ రాలేదు.
జాబితా రాస్తున్నప్పుడు కార్బన్ కాగితం
సరిగ్గా నా పేరు దగ్గర మడతపడిందట.
"ఉండవే తవిటమ్మా, నీకు వేరే పని ఉంది" అని
డ్రిల్లు మాస్టారు సన్యాసిరావుగారు
స్టోరు గది తెరిచి
నా భుజం మీద ఒక తాడుచుట్ట పెట్టారు.
జనపనార వాసన.
డ్యూటీ దిగొచ్చిన మా నాన్న చొక్కా వాసన.

పంద్రాగస్టు.
హెడ్మాస్టారు లాగారు, జెండా విప్పుకోలేదు.
మళ్ళీ లాగారు.
చప్పట్లకని ఎత్తిన చేతులు
ఎత్తినట్టే ఉంచేశారు సర్పంచిగారు.
నెల్లిమర్ల పిల్లలం ఆరొందల మందిమి
మెడలు వెనక్కి వంచి చూస్తున్నాం.
ముడి వేసింది నేనే.
నీలం హౌసు వరహాలు చెప్పులు విడిచి
కొబ్బరిచెట్టెక్కినట్టు ఎక్కేశాడు.
బంతిపూలన్నీ వాడి నెత్తినే రాలాయి.
ఆ ఏడాది మొత్తంలో మా బడి
అంత గట్టిగా చప్పట్లు కొట్టింది
నా తప్పుకే.

దసరా సెలవులయ్యాక తాడులాగుడు.
మధ్యలో రుమాలు కట్టి, సున్నం గీత గీసి
పక్కన నిలబడ్డాను.
మడమలు మట్టిలో దిగబడుతున్నాయి.
"లాగండొరే!" "ఒగ్గీకండర్రా!"
పచ్చ హౌసు గౌరీసు, ఆరో తరగతి నుంచీ
'లావుగుంట' అనిపించుకున్న గౌరీసు,
ఆఖరున నిలబడి నడుముకి తాడు చుట్టుకుంది.
కదల్లేదు.
నీలం హౌసు నీలం హౌసంతా వచ్చి
దాని కాళ్ళ దగ్గర బోర్లాపడింది.
మర్నాటి నుంచి ఎవరూ ఆ మాట అనలేదని రాస్తే
అబద్ధం.
అన్నారు.
అదే నవ్వడం మొదలెట్టింది.

కార్తీకంలో మిల్లుకి తాళం పడింది.
పొద్దున్న కూత రాలేదు.
ఆరోజు సగం బడి ఆలస్యంగా వచ్చింది.
కూతుండగా గడియారాలెవరు కొన్నారు?

జోనల్ ఆటలకి చీపురుపల్లి వెళ్ళాలి.
ప్యాసింజరు టిక్కెట్లకి ఎవరిచ్చారో
సన్యాసిరావుగారు చెప్పలేదు.
ఆ నెల ఆయన సైకిలు మాత్రం కనపళ్ళేదు.
ఖోఖోలో ఒక్క పాయింటుతో పోయింది.
తిరుగు బండిలో కాసేపు ఏడ్చి,
వేరుసెనగలు తిని,
ప్రతి స్టేషన్లోనూ కిటికీల్లోంచి
బడి పేరు అరిచాం.
"గెలిసినారేటర్రా?" అని ఒక మజ్జిగమ్మ అడిగింది.
"లేదమ్మా" అని అంతే గట్టిగా అరిచాం.

వార్షికోత్సవానికి తెర లేదు.
ఏటా విజయనగరంలో అద్దెకి తెచ్చేవాళ్ళు.
అప్పుడొచ్చారు నాన్నలు.
బడి గేటు ఎప్పుడూ దాటని నాన్నలు,
ఇంట్లో ఊరికే కూర్చోలేని నాన్నలు,
తలో రెండు పాత గోనెలు చంకన పెట్టుకుని
ఆరో తరగతి వరండాలో బాసింపట్లేసుక్కూర్చుని
దబ్బనాలతో కుట్టారు.
రెండు రెక్కల తెర.
నట్టనడుమ నల్లక్షరాలు:
నికర బరువు యాభై కేజీలు.

ఎడమ రెక్క తాడు నాది.
కుడి రెక్కకి మనిషి కావాలన్నారు.
మా నాన్న లేచాడు.
నాటకంలో ఏం జరిగిందో నాకు తెలీదు.
రాజుగారి మీసం ఊడిందట, జనం పడిపడి నవ్వారు.
నేను చూసిందల్లా
వేదికకి అవతల చీకట్లో ఒక చెయ్యి.
అది లేస్తే నేను లాగడం,
అది దిగితే వదలడం.
ఇంట్లో నెల్లాళ్ళుగా
మేం మాట్లాడుకోలేదు.

మర్నాడు కుట్లు విప్పేశారు.
ఎవరి గోనెలు వాళ్ళకి.
అక్షరాలున్నది మాదే.
దాని మీద కూర్చునే పబ్లిక్ పరీక్షలకి చదివాను.
ఒక్కోసారి పుస్తకం మూసేసి
నికర బరువు అని వేలితో దిద్దేదాన్ని.
"సదువుతున్నావేటే?" అనేవాడు నాన్న
గుమ్మంలోంచి.
ఆఁ, సదువుతున్నాను.